ఆఖరి ఐదు నిమిషాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు నాకు ఫోను చేసి, "అమెరికా నుంచి వస్తున్నావు కదా, ఓ పావుగంట ఏదైనా మాట్లాడు" అన్నారు. దేని గురించండీ అంటే, "నీకు బాగా తెలిసినదాని గురించే" అన్నారు. నాకు బాగా తెలిసింది కంప్యూటర్ల పని. అది మొదలెడితే వంటవాళ్లు తప్ప ఎవరూ మిగలరు. అది కాక నేను పాతికేళ్లుగా శ్రద్ధగా చేస్తున్న పని ఇంకొకటి ఉంది. కుర్చీలో కూర్చుని కాలేజీ పిల్లల బాస్కెట్‌బాల్ చూడటం. అందుకని ఈరోజు ఒక కుర్రాళ్ల జట్టు గురించి చెబుతాను. ఆ జట్టు ఎలా ఆడింది, ఎక్కడ ఓడింది, దాన్ని చూసి నేనేం తప్పుగా అనుకున్నాను అన్నది నా విషయం. చివర్లో మన సంఘానికి ఒక మనవి కూడా ఉంది. కోపగించుకోకండి.

నేను ఉండేది నార్త్ కరోలినా రాష్ట్రంలో క్యారీ అనే ఊళ్లో. మనవాళ్లు చాలామంది ఉన్నారు, వేంకటేశ్వరస్వామి గుడి కూడా ఉంది. చిన్నతిరుపతి వాణ్ణని చెబితే అక్కడ నాకు కొంచెం మర్యాద ఎక్కువే. మా ఊరికి అరగంట దూరంలో డర్హమ్‌లో డ్యూక్ విశ్వవిద్యాలయం ఉంది. దాని ఆటశాల పేరు కామెరాన్ ఇండోర్ స్టేడియం. 1940లో కట్టారు. తొమ్మిది వేల చిల్లర మంది పడతారు, అంతే. పక్క ఊరి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంతో ఆట ఉందంటే, విద్యార్థులు వారాల ముందే బయట గుడారాలు వేసుకుని పడుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మన కల్యాణోత్సవాలే గుర్తొచ్చాయి. ముందురోజే భీమడోలులో రైలు దిగి, కొండ కిందికి చేరి, సత్రం అరుగుల మీద తుండు పరుచుకునే జనం గుర్తొచ్చారు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక్కో వైపు ఐదుగురు. పది అడుగుల ఎత్తున కడ్డీ రింగు, అందులో బంతి వేయాలి. మామూలుగా వేస్తే రెండు పాయింట్లు, దూరపు గీత అవతల నుంచి వేస్తే మూడు. ఎదుటివాడు తప్పుగా అడ్డుపడితే ఊరికే నిలబడి వేసే అవకాశం ఇస్తారు, అది ఫ్రీ త్రో, ఒక పాయింటు. కాలేజీ ఆట మొత్తం నలభై నిమిషాలు. కానీ విజిల్ మోగినప్పుడల్లా గడియారం ఆగుతుంది. కాబట్టి ఆఖరి నిమిషం ఒక్కోసారి పావుగంట నడుస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా అక్కడే ఉంది.

నేను చెప్పే జట్టు 2024–25 నాటి డ్యూక్ జట్టు. మొదట దిగే ఐదుగురిలో ముగ్గురు అప్పుడే బడి ముగించి వచ్చిన మొదటి సంవత్సరం పిల్లలు. కూపర్ ఫ్లాగ్ అని ఒకడు, మెయిన్ రాష్ట్రంలో న్యూపోర్ట్ అనే చిన్న ఊరివాడు. మొదటి ఆటలు ఆడేనాటికి వాడికి పదిహేడేళ్లే, డిసెంబరు 21న పద్దెనిమిది నిండాయి. రెండోవాడు కాన్ క్నూపెల్, దూరం నుంచి వేయడంలో నిదానస్తుడు. మూడోవాడు ఖమన్ మలువాచ్, ఏడడుగుల రెండంగుళాల పొడవు. దక్షిణ సూడాన్ బిడ్డ, ఉగాండాలో పెరిగాడు, పదిహేడేళ్లకే పారిస్ ఒలింపిక్స్‌లో ఆడాడు. వీళ్ల పక్కన టైరీస్ ప్రాక్టర్, సియన్ జేమ్స్ అనే ఇద్దరు సీనియర్లు. కోచ్ జాన్ షయర్ కూడా ఆ బడి పిల్లవాడే. 2010లో ఛాంపియన్లయిన డ్యూక్ జట్టులో ఆడాడు.

ముందు మంచి చెబుతాను. ఆ పిల్లలు బంతిని దాచుకోరు. ఒకడి దగ్గర ఒక్క క్షణం, ఇంకొకడి దగ్గర ఒక్క క్షణం, అంతలో ఎవడో ఒకడు ఖాళీగా దొరుకుతాడు. ఐదుగురూ పొడగరులే. కాబట్టి కాపలాలో ఎవరు ఎవరిని పట్టుకున్నా ఇబ్బంది లేదు. ఒకరి మనిషిని ఇంకొకరు తీసుకుంటూ ఎదుటివాళ్లకు సందు ఇచ్చేవారు కాదు. ఫ్లాగ్ సగటున ఆటకు 19 పాయింట్లు వేశాడు, రింగుకు తగిలి వచ్చిన బంతులు ఏడుకు పైగా పట్టాడు, నాలుగుసార్లు తోటివాళ్ల చేత వేయించాడు. నోటర్ డామ్ మీద ఒక్క ఆటలో 42 పాయింట్లు వేశాడు. ఆ ఏడాది మొత్తం మీద జట్టు 35 ఆటలు గెలిచింది, నాలుగు ఓడింది. వాళ్ల లీగులో ఇరవై ఆడితే పందొమ్మిది గెలిచారు.

ఇక లోపం. ఓడిన నాలుగు ఆటలూ ఒక కాగితం మీద రాసుకున్నాను, నాది లెక్కల బుర్ర కదా. నవంబరులో కెంటకీ చేతిలో 77–72. నవంబరులోనే కాన్సస్ చేతిలో 75–72. ఫిబ్రవరిలో క్లెమ్సన్ చేతిలో 77–71. ఏప్రిల్‌లో హ్యూస్టన్ చేతిలో 70–67. నాలుగు ఓటముల తేడా మొత్తం కలిపితే పదిహేడు పాయింట్లు. అంటే ఎవరూ వీళ్లను చిత్తుగా ఓడించలేదు. ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చి తడబడ్డారు. కెంటకీతో విరామానికి తొమ్మిది పాయింట్లు ముందున్నారు. చివర 72–72 దగ్గర బంతి ఫ్లాగ్ చేతిలోనే ఉంది, ఎదుటివాడు లాక్కుపోయాడు. క్లెమ్సన్‌తో ఆఖరి క్షణాల్లో బంతి పట్టుకుని వెళుతూ కాలు జారి పడ్డాడు. మార్చిలో లీగు సెమీఫైనల్లో ఫ్లాగ్ చీలమండ దెబ్బతో బయట కూర్చుంటే, మిగతావాళ్లు నార్త్ కరోలినా మీద 24 పాయింట్లు ముందుకు వెళ్లి, చివరికి మూడంటే మూడు పాయింట్లతో బయటపడ్డారు.

దీనికి కారణం చాలామంది పిరికితనం అంటారు. నేను అలా అనను. ఈ జట్టు చాలా ఆటల్ని ముందే తేల్చేసింది. ఎదుటివాళ్లను ఇరవై పాయింట్ల వెనక నిలబెట్టి, ఆఖరి ఐదు నిమిషాలు బల్ల మీద కూర్చుని నీళ్లు తాగినవాళ్లు ఈ పిల్లలు. ఇరుకున పడి ఆట ముగించే సాధన వాళ్లకు దొరకలేదు. గెలుపే వాళ్లకు ఆ సాధన లేకుండా చేసింది. కొల్లేరు వైపు నుంచి వచ్చిన మిత్రులకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పొద్దున్న గాలి లేనప్పుడు దోనె ఎవడైనా నడుపుతాడు. గాలి లేచాక నడిపినవాడే నేర్చుకుంటాడు.

ఇప్పుడు ఏప్రిల్ 5 రాత్రికి వస్తాను. శాన్ ఆంటోనియోలో జాతీయ పోటీల సెమీఫైనల్. ఎదురుగా హ్యూస్టన్. ఆ జట్టులో జేవాన్ రాబర్ట్స్ అనేవాడు అదే కాలేజీలో ఆరో ఏడు ఆడుతున్నాడు. ఎనిమిది నిమిషాలు మిగిలి ఉండగా డ్యూక్ పద్నాలుగు పాయింట్లు ముందుంది. మా ఇంట్లో పదిమందిమి ఉన్నాం. మా ఆవిడ అందరికీ పులిహోర పెట్టింది. నేను అప్పుడే ఫైనల్ గురించి మాట్లాడటం మొదలెట్టాను.

ముప్పై అయిదు సెకన్లు ఉన్నాయనగా కూడా 67–61తో మనవాళ్లే ముందు. అక్కడి నుంచి వరసగా చూడండి. హ్యూస్టన్ కుర్రాడు షార్ప్ దూరం నుంచి మూడు వేశాడు. తరువాత గీత బయట నుంచి డ్యూక్ లోపలికి విసిరిన బంతిని వాళ్లు కొట్టేశారు. ఒకడు వేస్తే పడలేదు, ఇంకొకడు ఎగిరి అదే బంతిని రింగులో కుక్కాడు, 67–66. తరువాత ప్రాక్టర్‌కి ఫ్రీ త్రో. మొదటిది పడితేనే రెండోది ఇస్తారు, మొదటిదే పడలేదు. ఆ బంతి కోసం ఎగిరి ఫ్లాగ్ రాబర్ట్స్ వీపు మీద పడ్డాడని విజిల్. ఫ్రీ త్రోలలో పెద్ద పేరు లేని రాబర్ట్స్ రెండూ వేశాడు. 68–67. ఆఖరి బంతి ఫ్లాగ్‌కే ఇచ్చారు. వాడు ఎగిరి వేశాడు. రింగు అంచుకు తగిలి బయటపడింది. అంతే. ఆ రాత్రి జట్టులో అందరికంటే ఎక్కువ, 27 పాయింట్లు వేసింది వాడే.

నేను గట్టిగా అరిచాను. "పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ! వీళ్లనా దేశమంతా నెత్తిన పెట్టుకుంది!" ఇంకా ఏవేవో అన్నాను. మా అమ్మాయి అప్పుడు కాలేజీలో మొదటి సంవత్సరం, సెలవని ఇంటికి వచ్చింది. తను మెల్లగా, "నాన్నా, అతను నాకంటే చిన్నవాడు" అంది. నేను తగ్గలేదు, "అయితే?" అన్నాను. "నువ్వు అరిచేది అతనికి వినపడదు. నాకు వినపడుతుంది" అని పైకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డ్యూక్ గురించి కాదు. నలభై ఏళ్ల కిందటి ఒక ఆట గురించి.

1986. నేను తొమ్మిదో తరగతి. తాడేపల్లిగూడెంలో పాఠశాలల మధ్య వాలీబాల్ పోటీలు. ఆ బస్సులో నాతో వచ్చినవాళ్లు ఇప్పుడు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నారు. మూడో సెట్టు, 14–11, సర్వీసు నాది. అప్పటి పద్ధతిలో సర్వీసు చేతిలో ఉంటేనే పాయింటు. నేను నెట్టుకు కొట్టాను. దాంతో మనకు పాయింటేమీ పోలేదు, సర్వీసు మాత్రం వాళ్లకు వెళ్లింది, అంతే. కానీ నా బుర్ర ఆ నెట్టు దగ్గరే ఉండిపోయింది. తరువాత నా మీదికి వచ్చిన రెండు బంతులూ నేను అందుకోలేదు. ఒకటి నా ముందే పడింది. నేను కదల్లేదు. 14–16తో ఓడిపోయాం.

తిరుగు ప్రయాణంలో నాతో ఎవరూ మాట్లాడలేదు. మన డ్రిల్లు మాస్టారు కూడా ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం గ్రౌండులో అందరినీ నిలబెట్టి, "పద్నాలుగు–పదకొండు నుంచి మొదలెట్టండిరా. సర్వీసు వీడిది" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. శిక్ష అనుకున్నాను. ఆ మర్నాడూ అదే. ఆ నెలంతా అదే. నేను నెట్టుకు కొడితే, "పోయింది పోనీ, వచ్చేది చూడరా" అనేవారు. ఇంకే పాఠమూ చెప్పలేదు. పదో తరగతిలో మళ్లీ వెళ్లాం. గెలిచామా అంటే, సెమీఫైనల్లోనే పోయాం. కానీ ఆఖరి సెట్టులో ఒక బంతి పోయాక ఇంకో బంతి కోసం నా కాళ్లు కదిలాయి. ఈ ఒక్క మాట చెప్పడానికే నేను ఇంత దూరం వచ్చాను అనుకోండి.

డ్యూక్ ఆటను మర్నాడు మళ్లీ పెట్టుకుని చూశాను. ఈసారి తప్పుల్ని కాదు, తప్పుకూ తప్పుకూ మధ్య ఉన్న జాగాను చూశాను. షార్ప్ వేసిన మూడు పాయింట్లు ఆటను ఓడించలేదు, ఇంకా మూడు పాయింట్ల ఆధిక్యం ఉంది. ఆ దెబ్బ నుంచి తేరుకోకుండానే బంతిని లోపలికి విసిరారు. పోయిన బంతి మనసులో ఉండగానే ఫ్రీ త్రోకి నిలబడ్డారు. పడని ఫ్రీ త్రో మనసులో ఉండగానే వీపు మీద పడ్డారు. అనుభవం అంటే తప్పు చేయకపోవడం కాదని నాకు అప్పుడు తోచింది. ఒక తప్పు ఇంకో తప్పును పిలవకుండా ఆపగలగడం అన్నమాట.

అలాగని అనుభవం ఉంటే అన్నీ కుదురుతాయా? అదీ లేదు. రెండు రోజుల తరువాత ఫైనల్లో, అదే హ్యూస్టన్ ఫ్లోరిడా మీద పన్నెండు పాయింట్లు ముందుకు వెళ్లి 65–63తో ఓడింది. ఆఖరి క్షణాల్లో వాళ్లు బంతిని రింగు వైపు వేయనే లేకపోయారు. రెండు రాత్రుల కిందట నన్ను ఏడిపించిన షార్ప్ చేతిలోనే ఆ బంతి ఉంది. గాలిలోకి ఎగిరి, దారి దొరక్క కిందికి వదిలేశాడు. తాను ముట్టుకుంటే తప్పు కాబట్టి అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఉండేలు దెబ్బ ముసలి కాకికీ తగులుతుంది.

ఇక్కడ ఇంకొక సంగతి. కెంటకీ ఆటలో బంతి పోగొట్టుకున్నది, క్లెమ్సన్ ఆటలో జారిపడ్డది ఫ్లాగే. అయినా ఏప్రిల్‌లో ఆఖరి బంతి షయర్ వాడికే ఇప్పించాడు. అది పడలేదు, నిజమే. కానీ నేను ఇప్పుడు ఆ నిర్ణయాన్ని తప్పు అనను. మా మాస్టారు చేసింది కూడా అదే కదా. తేడా ఒక్కటే. నాకు ఇంకో ఏడాది దొరికింది. ఆ పిల్లలకు దొరకలేదు. ఎన్‌బీఏ వాళ్లు బడి ముగిశాక కనీసం ఒక ఏడాది ఆగాలంటారు, ఆ ఏడాది అయిపోగానే వెళ్లిపోతారు. జూన్‌లో జరిగిన ఎంపికలో డల్లాస్ జట్టు ఫ్లాగ్‌ను మొదటివాడిగా తీసుకుంది. మొదట దిగే ఆ ఐదుగురూ ఎంపికయ్యారు. వాళ్లకు మేలే జరిగింది, సంతోషం. కానీ ఆ ఐదుగురూ ఒక జట్టుగా, 67–61 దగ్గర, మళ్లీ ఎప్పుడూ నిలబడరు.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. మా చెల్లెలి కొడుకు ఈ బడిలోనే పదో తరగతి దాకా చదివాడు. తరువాత ఒక హాస్టలు కాలేజీలో ఇంటర్ చేశాడు. పేరు చెప్పను. ఆ రెండేళ్లలో వాడు బంతి ముట్టుకోలేదు. ముట్టుకుందామన్నా అక్కడ గ్రౌండు లేదు, మేడలే ఉన్నాయి. బాగా చదివేవాడు. ఐఐటీ ప్రవేశ పరీక్షలో ఒకే రోజు పొద్దున్న ఒక పేపరు, మధ్యాహ్నం ఒక పేపరు ఉంటాయి. పొద్దున్న ఒక లెక్క దగ్గర అరగంట చిక్కుకుపోయాడు. మధ్యాహ్నం పేపరులో వచ్చినవి కూడా రాయలేకపోయాడు. "మామయ్యా, రెండో పేపరులో నాకేం కనపడలేదు, పొద్దుటి లెక్కే కనపడింది" అన్నాడు ఫోనులో. వేరే కాలేజీలో చేరాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ ఆ మాట విన్నప్పుడు నాకు తాడేపల్లిగూడెం నెట్టు కళ్ల ముందు ఆడింది. వాడికి భౌతికశాస్త్రం చెప్పినవాళ్లు ఉన్నారు, గణితం చెప్పినవాళ్లు ఉన్నారు. పద్నాలుగు–పదకొండు నుంచి మొదలెట్టరా అని చెప్పినవాళ్లు లేరు.

నా మనవి ఇదీ. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు పెద్ద ఆర్చి కట్టాలని మనం అనుకున్నాం. ఫోనులో జరిగిన ఆ సమావేశంలో నేనూ సరే అన్నాను. దాతల పేర్ల పలక మీద నా పేరు ఎన్నో వరసలో వస్తుందో కూడా అడిగాను, సిగ్గు లేకుండా. నిన్న సాయంత్రం బడి వెనక్కి వెళ్లి చూశాను. మనం ఆడిన గ్రౌండులో మోకాలెత్తు కంప ఉంది. వాలీబాల్ స్తంభం ఒకటే మిగిలింది. రెండోది ఎక్కడుందో వాచ్‌మన్‌ని అడిగితే, పశువుల్ని కట్టడానికి ఎవరో పట్టుకుపోయారన్నాడు.

బాస్కెట్‌బాల్ కోర్టుకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చాలు. వాలీబాల్‌కు 18, 9. రెండూ పక్కపక్కనే పడతాయి, నేను అడుగులతో కొలిచి వచ్చాను. నేల చదును చేయించి, స్తంభాలు పాతి, నాలుగు దీపాలు పెట్టి, సాయంత్రం రెండు గంటలు పిల్లల్ని ఆడించే మనిషికి నెలనెలా ఇంత అని ఇద్దాం. ఆడపిల్లలకు విడిగా వేళ పెడదాం. వాళ్లు రాష్ట్రం తరఫున ఆడాలని నేను అనడం లేదు. పోటీలకు వెళ్లి ఓడి వస్తే, మర్నాడు మళ్లీ నిలబెట్టే చోటు ఒకటి ఉండాలంటున్నాను. ఆర్చి కావాలంటే వచ్చే ఏడాది చూద్దాం. ఆర్చికి నేనిస్తానన్న డబ్బు ఇప్పుడే గ్రౌండు పేరున రాసి కార్యదర్శి గారికి ఇస్తున్నాను. ఇది సభ్యులందరి సొమ్ము కాబట్టి, మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో కాదంటే మీ మాటకు కట్టుబడతాను.

మా డ్రిల్లు మాస్టారు ఈరోజు మన మధ్య లేరు. ఉంటే ఇంతసేపు మాట్లాడనిచ్చేవారు కాదు, విజిల్ వేసేవారు. ఈ ప్రయాణానికి బయలుదేరే ముందు మా అమ్మాయికి ఆయన సంగతి మొదటిసారి చెప్పాను. ఏప్రిల్ రాత్రి అరిచినందుకు తప్పయిందని కూడా చెప్పాను. "ఇదేదో అప్పుడే చెప్పి ఉండొచ్చుగా" అంది.

రేపు పొద్దున్న ఆరింటికి నేనూ, మూడో వరసలో నవ్వుతున్న ఆ పెద్దమనుషులూ కంప కొట్టడానికి గ్రౌండుకు వెళుతున్నాం. రాగలిగినవాళ్లు రండి. కత్తులు, పలుగులు ఉన్నవాళ్లు తెచ్చుకోండి.